ఎవరూ ఆడని కొత్త నాటకం: స్క్రిప్టు చేతికి వచ్చాక ఏం చేయాలి?

రేవుగట్టు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది తొమ్మిది మంది సభ్యులున్న చిన్న నాటక సమాజం. సొంత హాలు లేదు, ఎవరికీ జీతాలు లేవు, సాయంత్రాలూ సెలవు రోజులే మా రిహార్సల్ సమయం. ఏడేళ్ళుగా పేరున్న రచయితల నాటకాలనే ఆడుతూ వచ్చాము. అంటే మాకంటే ముందు పదిమంది ఆడి, ఎక్కడ నవ్వు వస్తుందో, ఎక్కడ హాలు నిశ్శబ్దమవుతుందో తేల్చిపెట్టిన నాటకాలనే తీసుకున్నాము. ఇకపై ఇంతవరకు ఎవరూ ఆడని నాటకాలను మాత్రమే వేయాలని ఈ మధ్య అందరం కలిసి నిర్ణయించుకున్నాము. నిర్ణయం సులువుగానే జరిగింది కాని, మొదటి స్క్రిప్టు చేతికి వచ్చిన రోజు నుంచి ఏం చేయాలో తోచడం లేదు.

ఆ నాటకం, వంతెన కట్టిన తరువాత రేవు మూతపడిన ఒక పడవవాడి ఇంటి కథ. అతని కూతురు అదే వంతెన మీద టోల్ వసూలు చేసే ఉద్యోగంలో చేరుతుంది. పదకొండు పాత్రలు, నాలుగు స్థలాలు ఉన్నాయి. గడియారం పెట్టుకుని పైకి చదివితే రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. రెండవ అంకంలో కూతురు మొదటి జీతం తెచ్చి తండ్రి ముందు పెట్టే రంగం చదివినప్పుడు మాలో ఇద్దరు కాసేపు మాట్లాడలేకపోయారు. మొదటి అంకం మాత్రం కదలదు. నలభై నిమిషాలు గడిచినా పాత్రలన్నీ తామెవరో మనకు చెప్పుకుంటూనే ఉంటాయి.

రచయితకు ఇది మొదటి నాటకం. "మీకు రంగస్థలం తెలుసు, ఎలా కావాలంటే అలా మార్చుకోండి" అంటున్నారు. ఒక్క అక్షరం ముట్టుకోవద్దని పట్టుబట్టే రచయితలను చూశాను కాని, ఈయన ఉదారత నన్ను అంతకంటే ఎక్కువ భయపెడుతోంది. మేము ఎంతవరకు కల్పించుకోవచ్చు? ప్రేక్షకులను పిలిచి ముందుగా ఒక పఠనం పెట్టడం వల్ల ప్రయోజనం ఉంటుందా? పేరు తెలియని రచయిత, పేరు వినని నాటకం అయినప్పుడు జనాన్ని ఎలా రప్పించాలి? ఒకే ఒక్క ప్రదర్శన ఘనంగా చేయడం మేలా, చిన్న చోట పలుమార్లు ఆడడం మేలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

సూత్రధారుడు ఇచ్చిన జవాబు:

రేవుగట్టు గారూ, మీ భయం సరైనదే. "ఎలా కావాలంటే అలా మార్చుకోండి" అన్న మాటను మర్యాదగా తిరస్కరించండి. నటులు తలా ఒక వాక్యం దిద్ది, దర్శకుడు ఒక రంగం అటుదిటు చేస్తే మిగిలేది ఎవరిదీ కాని నాటకం అవుతుంది. మార్పు అవసరమని చెప్పే హక్కు మీకు ఉంది, ఆ మార్పును రాయవలసినది మాత్రం ఆయనే. ఈ నియమాన్ని మొదటి రోజే అందరి ముందూ చెప్పండి.

తరువాత చేయవలసినది తలుపులు మూసుకుని ఒక పఠనం. ప్రేక్షకులు వద్దు. సభ్యులు బల్ల చుట్టూ కూర్చుని, తమకు ఇవ్వబోయే వేషాలు కాకుండా వేరే పాత్రలను చదవాలి. అప్పుడు ఎవరూ తమ వేషానికి ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టుకుంటూ కూర్చోరు. రచయిత వినాలి, చదవకూడదు. రంగసూచనలను చదవడానికి ఒకరిని విడిగా కేటాయించండి. ఒక్కొక్క రంగానికి ఎన్ని నిమిషాలు పట్టిందో ఆ మనిషే పక్కన రాసుకుంటూ పోవాలి, ఎందుకంటే మొత్తం రెండు గంటల నలభై నిమిషాలు అన్న లెక్క మీకు ఏమీ చెప్పదు, పదమూడు నిమిషాల రంగం ఎక్కడ పడిందన్నది చెబుతుంది.

చదివిన తరువాత జరిగే మాటలే అసలు ప్రమాదం. ప్రతివాడికీ ఒక సలహా ఉంటుంది, ఆ సలహాలో సగం తాను రాయాలనుకున్న నాటకం ఉంటుంది. దీనికి అమెరికాకు చెందిన నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన ఒక పద్ధతిని మేము కొంత మార్చుకుని వాడుతున్నాము. మొదట విన్నవారు తమ మనసులో నిలిచిపోయిన వాటిని చెబుతారు. ఆపైన రచయితే తన సందేహాలను అడుగుతాడు. ఆ తరువాత విన్నవారు ప్రశ్నలు వేస్తారు, అయితే ప్రశ్నలో అభిప్రాయం దాగి ఉండకూడదు. "మొదటి అంకం ఎందుకు ఇంత సాగింది?" అన్నది ప్రశ్న కాదు, నింద. "పడవవాడికి ఆ ఉదయం ఏం కావాలి?" అన్నది ప్రశ్న. అన్నిటికంటే చివర, అదీ రచయిత అనుమతిస్తేనే, అభిప్రాయాలు చెబుతారు. మొదట్లో మా వాళ్ళు దీన్ని చూసి నవ్వారు. పెద్దమనుషుల పంచాయతీలా ఉందన్నారు. కాని ఆ మూడవ మెట్టు మీదే రచయితలు కలం తీయడం నేను చాలాసార్లు చూశాను.

తిరగరాయడం చిన్నతనం కాదని మీ రచయితకు చెప్పండి. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన కన్యాశుల్కం 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని విస్తారంగా తిరగరాసి 1909లో రెండవ కూర్పుగా వెలువరించారు. మనం ఈనాడు చదువుతున్నదీ ఆడుతున్నదీ చాలావరకు ఆ రెండవ కూర్పునే. మీ రచయితకు అన్నేళ్ళు అక్కరలేదు, రెండు నెలలు ఇవ్వండి.

ఆచరణలో రెండు జాగ్రత్తలు కూడా చెప్పాలి. కొత్తగా రాసిన పేజీలను ప్రతిసారీ వేరే రంగు కాగితం మీద తీసి, మీద తేదీ వేయండి. లేకపోతే మూడవ వారానికి ముగ్గురి చేతుల్లో మూడు నాటకాలు ఉంటాయి. ప్రదర్శనకు పది, పన్నెండు రోజుల ముందు ఒక తేదీ పెట్టుకుని, ఆ తరువాత మాటల్లో మార్పు ఉండదని ప్రకటించండి. పోర్షన్ నోటికి వచ్చిన నటుడి చేతికి కొత్త పేజీ ఇవ్వడం వాడి కాళ్ళ కింద బల్ల లాగడమే.

రెండోప్రతి ఇచ్చిన జవాబు:

నేను నాటకాలు రాసేదాన్ని. సూత్రధారుడు గారు చెప్పిన వాటిలో చాలావాటితో ఏకీభవిస్తాను, కాని ఆయన మాటల్లో ఒక ఊహ దాగి ఉంది: కదలని అంకం రచయిత తప్పే అయి ఉంటుందన్న ఊహ. రష్యన్ రచయిత చెహోవ్ సీగల్ నాటకం 1896లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదటిసారి ఆడినప్పుడు ఘోరంగా విఫలమైంది. 1898లో, అప్పుడే పుట్టిన మాస్కో ఆర్ట్ థియేటర్ దాన్ని మళ్ళీ ఆడి గెలిపించింది. రెండేళ్ళలో మారింది ప్రధానంగా ఆడినవారి తీరు, దాని కోసం వారు పడిన శ్రమ. అందువల్ల మొదటి అంకాన్ని కత్తిరించమని అడిగే ముందు, దాన్ని కూర్చుని చదవడం మాని నిలబడి ఆడి చూడండి. ఒక సాయంత్రం చాలు. వేషాలు, వస్తువులు అక్కరలేదు. పడవవాడు పాత్రల పరిచయాలన్నీ వింటూ తాడు పేనుతున్నాడో, ఎవరూ రాని రేవు వైపు పదేపదే చూస్తున్నాడో మీకు ఇంకా తెలియదు. కాగితం మీద పరిచయంలా కనిపించినది రంగం మీద ఎదురుచూపుగా మారవచ్చు. మారకపోతే, అప్పుడు కత్తిరించమని అడగండి.

పఠనాల గురించి నాకు మొదటి నుంచీ ఒక అనుమానం ఉంది. పఠనంలో బాగా మాట్లాడే నాటకమే గెలుస్తుంది. చమత్కారం గెలుస్తుంది, ఉపన్యాసం గెలుస్తుంది. మౌనం ఓడిపోతుంది, ఎందుకంటే రంగసూచనలు చదివే మనిషి "ఆమె చాలాసేపు మాట్లాడదు" అని ఒక్క సెకనులో చదివి తరువాతి మాటకు వెళ్ళిపోతాడు. నా నాటకం ఒకటి నాలుగు పఠనాలకు నోచుకుంది, అభినందనలూ పొందింది, ఒక్క ప్రదర్శనకూ నోచుకోలేదు. ప్రతి పఠనం తరువాతా వచ్చిన సలహాలకు నేను ఒక్కొక్క మౌనాన్ని మాటలతో పూడ్చుకుంటూ పోయాను. నాలుగవసారి విన్నప్పుడు అది నా నాటకంలా అనిపించలేదు. అలాగని పఠనాలన్నీ వ్యర్థమని చెప్పలేను. అమెరికాలో 1964లో స్థాపించిన యూజీన్ ఓనీల్ థియేటర్ సెంటర్‌లో నటులు స్క్రిప్టు చేతపట్టుకునే ఆడే పద్ధతి మీద ఆగస్ట్ విల్సన్ వంటి రచయితలు ఎదిగారు. అక్కడ కూడా నటులు లేచి నిలబడి కదులుతారన్నది గమనించండి. మీకు పఠనం తప్పదనుకుంటే ఒకటి చేయండి, రెండు చేయవద్దు, ప్రదర్శన తేదీ నిర్ణయించిన తరువాతే చేయండి. తేదీ లేని పఠనం రచయితను వాకిట్లో కూర్చోబెట్టడం.

రచయితను రిహార్సల్స్‌కు ఎప్పుడు పిలవాలన్నది మీరు అడగలేదు కాని, అడగవలసిన ప్రశ్న. 1910ల మధ్యలో అమెరికన్ నాటక రచయిత యూజీన్ ఓనీల్‌ను వెలుగులోకి తెచ్చిన ప్రావిన్స్‌టౌన్ ప్లేయర్స్ అనే చిన్న సమాజం, రచయితలే తమ నాటకాలను దగ్గరుండి నడిపించుకోవాలన్న నియమంతో మొదలైంది. ఆదర్శంగా బాగుంది. నా అనుభవంలో మాత్రం మొదటి వారం ఉండి, నటుల ప్రశ్నలకు జవాబులు చెప్పి, తరువాత రెండు వారాలు రాకుండా ఉండడమే అందరికీ ఆరోగ్యం. నటుడు తప్పులు చేస్తూ వెతుక్కునే రోజుల్లో రాసినవాడు ఎదురుగా కూర్చుంటే, ఆ తప్పులు కూడా భయంతో చేస్తాడు. నాటకం మొత్తం మొదటిసారి ఆగకుండా నడిపే రోజున మళ్ళీ పిలవండి. అభిప్రాయాలు దర్శకుడితోనే చెప్పాలి, నటులతో నేరుగా చెప్పకూడదు. ఈ ఒక్క కట్టుబాటు ఎన్ని స్నేహాలను కాపాడిందో లెక్క చెప్పలేను.

చివరగా కాగితం సంగతి. స్నేహంగా ఉన్నప్పుడే ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. నాటకం మీద హక్కు రచయితదేనని, మీకు ఇన్ని నెలలపాటు ఇన్ని ప్రదర్శనలకు అనుమతి ఉందని, మార్పులకు ఆయన సమ్మతి కావాలని, వీడియో తీసి బయటపెట్టాలంటే విడిగా అనుమతి తీసుకోవాలని అందులో ఉండాలి. తొలి ప్రదర్శన మీ సమాజానిదని ఇకమీదట అచ్చయ్యే ప్రతులలో పేర్కొనాలని కూడా రాయించుకోండి. అంతకంటే ఎక్కువ అడగవద్దు. చిన్న సమాజం ఒకటి నా నాటకం రిహార్సల్స్‌లో ఇచ్చిన సూచనలకు బదులుగా రచనలో సగం హక్కు అడిగింది. ఆ నాటకాన్ని ఆ తరువాత ఎవరికీ ఇవ్వలేకపోయాను.

మూడోగంట ఇచ్చిన జవాబు:

నేను రంగం మీదికి ఎప్పుడూ ఎక్కలేదు. హాలు చూడడం, టికెట్లు, కుర్చీలు, లైట్లు ఎక్కించేవారికి నిచ్చెన పట్టుకోవడం నా పని. కాబట్టి మీ చివరి రెండు ప్రశ్నలకే జవాబు చెబుతాను.

ఒకే ఒక్క ఘనమైన ప్రదర్శన చేయకండి. పేరున్న నాటకానికి జనం ముందే నిర్ణయించుకుని వస్తారు. పేరులేని నాటకానికి నిన్న చూసినవాడు రేపు చూడబోయేవాడికి చెబితేనే వస్తారు. ఆ నోటిమాట నడవడానికి రోజులు కావాలి. ఇంగ్లిష్ రచయిత హెరాల్డ్ పింటర్ నాటకం ది బర్త్‌డే పార్టీ 1958 మేలో లండన్‌లో ఎనిమిది ప్రదర్శనలతో మూతపడింది. దాన్ని మెచ్చుకుంటూ విమర్శకుడు హెరాల్డ్ హాబ్సన్ రాసిన సమీక్ష ఆదివారం పత్రికలో వచ్చేసరికి నాటకం శనివారమే ఆగిపోయింది. ప్రదర్శనలన్నీ ఒక్క వారంలోనే ముగిసిపోతే వచ్చే చిక్కు అది. మీరు ఆరు ప్రదర్శనలు చేయగలిగితే వాటిని మూడు వారాంతాల మీద పరచండి. మొదటి వారాంతాన్ని పరీక్షా ప్రదర్శనలుగా ప్రకటించి టికెట్ తగ్గించండి. రచయితకు దిద్దుకునే అవకాశం, చూసినవారికి చెప్పుకునే వ్యవధి రెండూ దొరుకుతాయి. (సూత్రధారుడు గారి పన్నెండు రోజుల నియమానికి ఇది అడ్డమే. నాలుగు మాటలు తీసేయడానికి మాత్రం మినహాయింపు ఇవ్వమని ఆయనను కోరుతున్నాను. కొత్త మాటలు కలపడానికి కాదు.)

లెక్క ఇలా వేసుకోండి. 80 సీట్ల చోటు, ఆరు ప్రదర్శనలు అంటే 480 టికెట్లు. తెలియని నాటకానికి సగం నిండుతుందని కూడా ఆశపడకుండా 40 శాతం అనుకుంటే 192. మీ ఖర్చంతా ఆ 192 టికెట్లలో రావాలి. రాకపోతే తగ్గించవలసినది ప్రదర్శనల సంఖ్య కాదు, రంగాలంకరణ. నాలుగు స్థలాలకు నాలుగు సెట్లు ఎవరడిగారు? లండన్‌లోని రాయల్ కోర్ట్ థియేటర్‌లో 1956లో జార్జ్ డివైన్ నాయకత్వంలో మొదలైన ఇంగ్లిష్ స్టేజ్ కంపెనీ, మరుసటి ఏడాది నుంచి ఆదివారం రాత్రుల్లో కొత్త నాటకాలను సెట్లు లేకుండా, పూర్తి రిహార్సల్స్‌తో ఆడించేది. డబ్బంతా బల్లచెక్కల మీద పోయకుండా నటుల సమయం మీద పెట్టవచ్చని వారు చూపించారు. మీ నాటకానికి ఒక పడవ చాలు. అదే తిరగేస్తే అరుగు, నిలబెడితే గోడ. వంతెనను చూపించకండి, పైనుంచి బండ్ల చప్పుడు వినిపించండి. నాలుగు స్థలాల మధ్య చీకటి చేసి సామాన్లు మార్చే సమయం ఒక్కొక్కసారీ ఒక నిమిషం అనుకున్నా, ఆ చీకట్లో మీరు కూడగట్టినదంతా కారిపోతుంది.

ప్రకటనల్లో "సరికొత్త నాటకం" అని పెద్ద అక్షరాలతో వేయకండి. కొత్తదనం మనకు గొప్ప, చూసేవాడికి అనుమానం. "వంతెన వచ్చింది, పడవ ఆగింది, కూతురు వంతెన మీద ఉద్యోగంలో చేరింది" అని మూడు ముక్కలు వేయండి. కథ ఎవరి జీవితానికి దగ్గరగా ఉందో వారి దగ్గరికి స్వయంగా వెళ్ళండి. ఒక యంత్రం వచ్చి చేతిపని పోయిన ఇళ్ళు ఎక్కడైనా ఉంటాయి. న్యూయార్క్‌లో 1961లో ఒక నేలమాళిగలో లా మామా థియేటర్‌ను మొదలుపెట్టిన ఎలెన్ స్టూవర్ట్ ప్రతి ప్రదర్శనకు ముందు తానే చేతిగంట మోగించి ప్రేక్షకులను ఆహ్వానించేవారు. ఎనభై మంది పట్టే చోట మీరు అలా ఎదురుపడి పలకరించగలరు, పెద్ద హాలు వారికి అది చేతకాదు. తెర దిగాక మీ తరువాతి నాటకం పేరు చెప్పి, చూసినవారి ఫోన్ నంబర్లు అడిగి తీసుకోండి. మొదటి నాటకానికి వచ్చిన 192 మందే రెండవ నాటకానికి మీ పెట్టుబడి.

రేవుగట్టు, మూడు వారాల తరువాత:

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ సలహాలు ఒకదానితో ఒకటి పొసగని చోటే మాకు ఎక్కువ ఉపయోగపడ్డాయని చెప్పాలి. మొదట బల్ల చుట్టూ చదివాము, మరునాడు రెండోప్రతి గారు చెప్పినట్టు మొదటి అంకాన్ని నిలబడి ఆడి చూశాము. పడవవాడి వేషం వేసిన సభ్యుడు చేతికి పని కావాలని ఒక పాత తాడు తెచ్చుకుని పేనుతూ కూర్చున్నాడు. అతను తలెత్తకుండా పేనుతున్నంతసేపూ పరిచయాలు బరువెక్కాయి. కాని ముప్పై ఒకటవ పేజీలో తాడు ముడివేసి, దాన్ని కట్టడానికి పడవ లేదని గుర్తొచ్చి ఆగిపోయినప్పుడు, రచయితే లేచి "నాటకం ఇక్కడ మొదలవుతోంది" అన్నారు. ఆ ముందున్న ముప్పై పేజీలలో పద్దెనిమిదిని ఆయనే తీసేశారు. పాత్రలు ఏడుకు వచ్చాయి. నాటకం ఇప్పుడు గంటా యాభై నిమిషాలు నడుస్తోంది. ఒప్పందం రాసుకున్నాము, మూడు వారాంతాలు ఖాయం చేశాము, సెట్టు స్థానంలో పడవ ఒక్కటే ఉంది.

ఒక్క చిక్కు మిగిలింది. పడవవాడి వేషం వేస్తున్నవారు మాలో అందరికంటే పెద్దవారు, మంచి నటుడు. ఆయన నోట ప్రతి వాక్యం చివరా తనకు అలవాటైన ఊతపదం ఒకటి చేరుతోంది. పాత నాటకాలలో అది చెల్లింది, ఎవరూ పట్టించుకోలేదు. ఇక్కడ రచయిత కోరి పొడిగా వదిలిన వాక్యాలు ఆ ఊతపదంతో మెత్తబడిపోతున్నాయి. ఆయనను నొప్పించకుండా ఎలా చెప్పాలి?

సూత్రధారుడు ఇచ్చిన జవాబు:

మీరు చెప్పకండి, రచయిత అసలే చెప్పకూడదు. స్క్రిప్టు పట్టుకుని కూర్చునే స్టేజ్ మేనేజర్‌కు ఆ పని అప్పగించండి. ప్రతి రిహార్సల్ తరువాతా ఒక్క ఆయనకే కాదు, అందరికీ తలా ఒక చీటీ ఇవ్వాలి: పేజీ సంఖ్య, స్క్రిప్టులో ఉన్న మాట, మీరు అన్న మాట, అంతే. వ్యాఖ్య ఉండకూడదు. రెండవ వారానికి ఎవరి చీటీ పొడుగ్గా ఉందో ఆయనే చూసుకుంటారు. తీసేసిన ఊతపదం చోట ఆయన చేతికి ఏదైనా పని కావాలి, లేకపోతే మళ్ళీ వస్తుంది. ఆ తాడు ఉంది కదా, వాక్యం చివర ఒక్క పురి బిగించమనండి.